తలస్నానం చేయని నాలుగు రోజులు

మొన్న ఆదివారం సాయంత్రం గార్డు మామయ్య మనవరాలు ఫోన్ చేసింది. బొల్లారంలో టీచరుగా పనిచేస్తోంది, ఇద్దరు పిల్లల తల్లి. అయినా నా లెక్కలో ఇంకా రెండు జడలేసుకుని బిస్కెట్ల డబ్బా చుట్టూ తిరిగే మనిషే. మొన్నటి వానలకు వాళ్ళ బడిలోకి నీళ్ళొచ్చాయట. టీచర్లూ పెద్ద క్లాసుల పిల్లలూ కలిసి గదులన్నీ కడుక్కున్నారట. ఆ సందర్భంలో పిల్లలకు వాళ్ళ తాతయ్య గురించి చెప్పాలనుకుంటోంది. "చిలకలగూడలో వరదొచ్చినప్పుడు మన సందంతా మా తాతయ్యే దగ్గరుండి కడిగించాడంట కదా మామయ్యా. నువ్వు కళ్ళారా చూసినవాడివి. ఓ నాలుగు ముక్కలు చెప్పవూ" అంది. చెప్పాను. ఆ నాలుగు ముక్కల్లో ఒక్క అబద్ధమూ లేదు. అందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే నా నోట్లోంచి వచ్చే ఏ కథైనా పెదవులు దాటేలోపు జానెడు పెరగకుండా ఉండదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కాకపోతే సగం దగ్గర ఆపేశాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేశాక మిగతా సగం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మంచినీళ్ళు తాగినా దిగలేదు. కాగితం ముందేసుకున్నాను.

సందు అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఎనిమిది ఇళ్ళు, ఒక ప్రార్థన మందిరం, ఒక బర్రెల కొట్టం. పై చివర మెయిన్ రోడ్డు, కింది చివర నాలా. పైనుంచి కిందికి ఎంత వాలంటే, పై ఇంట్లో ఎవరైనా బిందె ఒలకబోస్తే మా గుమ్మం ముందు కాళ్ళు కడుక్కోవచ్చు. ఆ పై ఇల్లు గార్డు మామయ్యది. అట్టడుగున నాలా పక్కది మాది. మధ్యలో ఉన్నవాళ్ళంతా గుంటూరు, ఒంగోలు వైపునుంచి ఉద్యోగాల కోసం వచ్చి సికింద్రాబాదులో పాతుకుపోయిన మా సంఘస్థులే. మా ఇంటికి కాస్త ఎగువన ప్రార్థన మందిరం. దానికీ మాకూ మధ్య, మేమెవ్వరం రాకముందు నుంచీ, తాతల నాటినుంచీ అక్కడే ఉన్న పాలక్క. ఆవిడ కొట్టంలో మూడు బర్రెలుండేవి. మేం ఆదివారం కీర్తన ఎత్తుకుంటే అవి వంత పాడేవి. మా పాస్టరు అయ్యగారు ప్రసంగం కాస్త సాగదీసినా అవి మొదట లేచి అరిచేవి. సంఘంలో సగంమంది వాటికి లోలోపల రుణపడి ఉండేవాళ్ళు.

ఆ యేడు వానాకాలం వెళ్ళిపోయిందనుకున్నాక ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగొచ్చింది. మంగళవారం మధ్యాహ్నం పైన రోడ్డు పక్క కాలువ పొంగి సందులో పడింది. కింద నాలా అప్పటికే నిండి, నాకొద్దు పొమ్మంది. పైనుంచి వచ్చిందీ కింద పోలేనిదీ కలిసి మా ఇళ్ళలోకి దూరాయి. నీళ్ళు నా గొంతుదాకా వచ్చాయని చాలామందికి చెప్పాను. నిజంగానే వచ్చాయి. అప్పుడు నేను జారిపడి కూర్చుని ఉన్నాను. నిలబడ్డవాళ్ళకు మోకాళ్ళు దాటి తొడల దాకా. సాయంత్రానికి నీళ్ళు తగ్గిపోయాయి, బురద మాత్రం కాపరం పెట్టింది. మురుగు కంపు కొట్టే నల్లటి ఒండ్రు, ప్రతి ఇంట్లో జానెడు మందాన, ఎవరో కొలిచి పోసినట్టు.

ఆ బురద ఎవరింటికైనా బురదే. మా ఇంటికి మాత్రం అంతకంటే ఎక్కువ. దానికి వారం ముందే మా అమ్మకు శుక్లాల ఆపరేషను అయింది. అప్పట్లో ఆ ఆపరేషనంటే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి నల్లకళ్ళద్దాలతో ఇంటికొచ్చే వ్యవహారం కాదు. రోజుల తరబడి తల కదపకుండా పడుకోబెట్టేవాళ్ళు. పైగా అమ్మకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కోసింది మిగిలిన ఆ ఒక్క కన్నునే. "శనివారం పంపించేస్తాం. ఇంట్లో మురికీ దుమ్మూ ఉండకూడదు. చీము పట్టిందంటే ఇక మేం చెయ్యగలిగింది ఏమీ లేదు" అని డాక్టరు మా ఆవిడతో రెండుసార్లు చెప్పాడు. మా ఆవిడ ఆసుపత్రిలో అమ్మ దగ్గరుండేది. నేను ఇంటిదగ్గర ఒక్కణ్ణి. బుధవారం పొద్దున మా ముందుగది గుమ్మంలో నిలబడి, అమ్మ మంచం కాళ్ళు సగం బురదలో మునిగి ఉండటం చూసి, శనివారానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద చూసుకున్నాను. వేళ్ళు చాలా మిగిలిపోయాయి.

ఇక్కడ గార్డు మామయ్య గురించి చెప్పాలి. రక్తసంబంధం కాదు. అమ్మను ఆయన అక్కయ్యా అనేవాడు, అందుకని నాకు మామయ్య. రైళ్ళలో గార్డు పని చేసి అప్పుడే రిటైరయ్యాడు. ప్లాట్‌ఫారం ఈ చివరనుంచి ఆ చివర ఇంజను డ్రైవరుకు వినపడేలా అరిచీ అరిచీ ఆయన గొంతు అలాగే ఉండిపోయింది. ఉప్పు అందించమన్నా బండి బయల్దేరుతోందేమో అనిపించేది. సంఘంలో పెద్ద. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న పోతే, ఆ మర్నాడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరే అల్లుడూ, సైకిల్ తొక్కడం వచ్చా?" అని అడిగినవాడు. రాదంటే, ఆ సాయంత్రమే పరేడ్ మైదానానికి తీసుకెళ్ళి నేర్పాడు. తండ్రి పోయిన పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియక సైకిల్ నేర్పాడని నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది. నా పెళ్ళిలో మా నాన్న నిలబడాల్సిన చోట ఆయన నిలబడ్డాడు. కాబట్టి ఆ మనిషి ఒక మాట చెబితే, నేను దాన్ని తిరగేసి చూసేవాణ్ణి కాదు.

బుధవారం పొద్దున ఆయన అందర్నీ మందిరం ముందు నిలబెట్టాడు. వచ్చే ఆదివారం కోత పండుగ. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, కోత పండుగంటే పండిన పంటలో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెట్టడం. మా సందులో ఎవరికీ సెంటు పొలం లేదు. అందువల్ల మోండా మార్కెట్లో కొన్న గుమ్మడికాయలూ సొరకాయలూ తెచ్చి, సొంత చేను పండినట్టు మొహం పెట్టి బల్ల ముందు పెట్టేవాళ్ళం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవాళ్ళు. ఎవరు తెచ్చినవి వాళ్ళే పాడుకోవడం కూడా జరిగేది. ఆ పండక్కి వేరే సంఘాలనుంచి పెద్దలు కూడా వస్తున్నారు. ఈలోపు సందంతా శుభ్రం కావాలి. గార్డు మామయ్య పద్ధతి చెప్పాడు. బురద పల్లానికే పోతుంది కనుక పై ఇంటితో మొదలుపెట్టాలి. అందరూ కలిసి ఒక ఇల్లు, తర్వాత దాని కింది ఇల్లు. ఇంట్లోది సందులోకి, సందులోది నాలాలోకి. మధ్యలో ఎవడిల్లు వాడు కడుక్కుని కూర్చుంటే పైవాడి బురద మళ్ళీ వాడి నెత్తికే వస్తుంది. ఆ లెక్కన మా ఇల్లు అట్టడుగున, ఆఖర్న, శనివారం పొద్దున. న్యాయంగానే ఉంది. కానీ నా మొహంలో ఏదో కనిపించినట్టుంది.

"అల్లుడు భయపడుతున్నాడు, తన వంతు వచ్చేసరికి మనం జారుకుంటామని" అన్నాడాయన నవ్వుతూ. "సరే, వినండి. ఆఖరి ఇల్లు కడిగేదాకా ఈ సందులో ఎవడూ తలస్నానం చెయ్యడానికి వీల్లేదు. ఒళ్ళు తుడుచుకోండి, కాళ్ళు కడుక్కోండి, తల మాత్రం తడవకూడదు. ఎవడి నెత్తిమీది మురికి వాడికి పని గుర్తుచెయ్యాలి."

ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో ఉంది కాబట్టి దాన్ని ఒట్టు అనలేదు, తీర్మానం అన్నాం. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. అందరం ఆమేన్ అన్నాం. గేటు దగ్గర పాల చెంబుతో నిలబడ్డ పాలక్క మాత్రం, "నేను మీ తీర్మానంల లేను సార్. నాకు శుక్రారం తలకు పోసుకోవాలె" అని ముందే చెప్పేసింది.

మూడు రోజులు పని చేశాం. నేను చేసినంత పని ఎవరూ చేయలేదు. ఇది నేను పెంచి చెప్పడం కాదు, అవసరం అట్లాంటిది. పై ఇళ్ళు ఎంత త్వరగా అయితే మా ఇంటి వంతు అంత త్వరగా వస్తుంది. గార్డు మామయ్య ఇంట్లో ఇనప బీరువాను ఒక్కణ్ణే ఎత్తి పెరట్లో పెట్టానని మా అల్లుళ్ళకు చెప్పాను. ఎత్తినవాళ్ళు నలుగురు. నేను బీరువా తాళంచెవి పట్టుకుని ముందు నడిచాను. కానీ బస్తాలు మాత్రం నేను కుట్టినవే. మామయ్య ఇంట్లోకి రోడ్డు మీది నీళ్ళు మళ్ళీ రాకుండా ఆయన గుమ్మం ముందు కట్ట వెయ్యాలని గోనెసంచుల్లో మట్టి నింపి, పురికొసతో మూతులు కుట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కొక్క సంచికీ ఏడెనిమిది కుట్లు, చివర్న జోడు ముడి. రెండో రోజుకే మా తలలు అట్టలు కట్టాయి. ఎవరైనా గోక్కుంటే పెంకులు రాలేవి. అయ్యగారు టోపీ పెట్టుకుని తిరిగారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. కష్టంలో ఉన్న మనుషులు ఒకే కంపు కొడుతున్నప్పుడు ఎంత దగ్గరవుతారో ఆ మూడు రోజుల్లో చూశాను. ఆ ముచ్చట నిజం. దాన్ని తుడిచెయ్యడం నాకిప్పటికీ ఇష్టం లేదు.

గురువారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి అమ్మకు ఈ తీర్మానం సంగతి చెప్పాను. కళ్ళ మీద కట్టుతో వెల్లకిలా పడుకుని ఉన్న మనిషి నవ్వు ఆపుకోలేకపోయింది. నర్సమ్మ వచ్చి, "నవ్వితే కుట్లు తెగుతాయి, ఈయన్ని బయటికి పంపండి" అంది. అమ్మ మెల్లగా నా జుట్టు తడిమి, వేళ్ళు వాసన చూసుకుని, "తమ్ముడు మొండివాడురా. అన్నాడంటే చేస్తాడు" అంది.

శుక్రవారం చీకటి పడేలోపు, పండగ ముందురోజు కడుగుదామని వదిలిన మందిరం తప్ప, పాలక్క కొట్టం దాకా అయింది. మందిరమూ మా ఇల్లూ మిగిలాయి. శనివారం పొద్దున అమ్మను తీసుకురావడానికి బయల్దేరబోతూ పార పట్టుకుని మా గుమ్మంలో తటపటాయిస్తుంటే, మామయ్య వచ్చి ఆ పార నా చేతిలోంచి తీసుకున్నాడు. "నువ్వు వెళ్ళి అక్కయ్యను తీసుకురా. రిక్షా దిగేసరికి మీ ఇల్లు అద్దంలా ఉంటుంది. నేనున్నాగా అల్లుడూ" అన్నాడు. వెళ్ళాను.

ఆసుపత్రిలో కాగితాలు తెమిలేసరికి మధ్యాహ్నం రెండు. అమ్మనూ మా ఆవిడనూ రిక్షా ఎక్కించి నేను వెనక సైకిల్ మీద వచ్చాను, మామయ్య నేర్పిన సైకిల్ మీదే. సందు మొదట్లోకి రాగానే నా కళ్ళు చెదిరాయి. నేల రాళ్ళు కడిగిన పళ్ళెంలా మెరుస్తున్నాయి. ఇంటింటికీ రంగు కాగితాల తోరణాలు కట్టారు. గోడల మీద చెమ్మ తప్ప ఒక్క మరక లేదు. మా ఇంటికి చెయ్యడమే కాదు, సందునంతా పెళ్ళికూతుర్ని చేశారే అనుకుని నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. రిక్షా మందిరం దాకా వచ్చి ఆగింది. తోరణాలు కట్టిస్తున్న మామయ్య గబగబా దిగి వచ్చాడు. తెల్లచొక్కా. నున్నగా దువ్విన తల. సబ్బు వాసన నాలుగడుగుల ముందే వచ్చింది.

కట్టు కట్టిన మొహాన్ని అమ్మ ఆ వాసన వైపు తిప్పింది. "తమ్ముడూ, తలంటుకున్నావా?"

ఆయన చెయ్యి తల మీదికి వెళ్ళింది. "ఆ అక్కయ్యా."

"అయితే మా ఇల్లు అయిపోయిందన్నమాట!"

అప్పుడు నేను మందిరం దాటి కిందికి చూశాను. మా ఇల్లు అవలేదు. అవకపోవడం కాదు, పొద్దున నేను వదిలి వెళ్ళినదానికి రెట్టింపు బురద అందులో ఉంది. గేటు సగం దాకా మూసుకుపోయింది. గడప కనిపించడం లేదు. ఎవరిదో చెప్పు, ఎవరిదో విరిగిన చాట, ఎనిమిదిళ్ళ చెత్తా మా వసారాలో తేలి ఆగిపోయి ఉంది. నేను మామయ్య వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడలేదు. అమ్మ తడుముకుంటూ ఆయన రెండు చేతులూ పట్టుకుని తన చెంపలకు ఆనించుకుంది. "నాకెవరున్నారు తమ్ముడూ, మీరు కాక" అంది. ఆయన నోరు తెరిచి, "అంతా ప్రభువు కృప అక్కయ్యా" అన్నాడు. ఆయన గొంతు అంత నెమ్మదిగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఆ పూట మా ఇంట్లో బుర్ర పనిచేసిన మనిషి మా ఆవిడ ఒక్కతే. అత్తగారి భుజం పట్టుకుని, పాలక్క ఎత్తరుగు మీద నులక మంచం వాల్చమని నాకు సైగ చేసింది. "అత్తయ్యా, ఇల్లు ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా ఇక్కడ పడుకోండి" అంది. "కడిగారన్నారుగా, తడి ఏమిటే?" అంది అమ్మ. "కడిగితే తడవకుండా ఎట్లా ఉంటుంది అత్తయ్యా?" అంది మా ఆవిడ. అమ్మకు అది సబబుగానే తోచింది. తర్వాత మా ఆవిడ నా దగ్గరకొచ్చి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుంటూ, "మీ మామయ్యగారి అద్దం చూశారా? మొహం బాగా కనపడుతోంది" అంది.

ఏం జరిగిందో పాలక్క చెప్పింది. "ఏం జెప్పాలె తమ్మీ. నువ్విట్ల పోయినవ్, గట్ల నీళ్ళ టాంకరొచ్చింది. అర్ధగంటల ఖాళీ జేసి పోతనన్నడు డ్రైవరు. మీ మామ ఒక్కపారి మీ ఇంటి దిక్కు జూసిండు, ఒక్కపారి గుడి దిక్కు జూసిండు. ముందుగాల గుడి అన్నడు. గుడి, గోడలు, సందు అంతా పైపు వెట్టి కొట్టుడు షురూ జేసిండ్రు. బురదంత గుడి మెట్లెక్కుతున్నదని బస్తాలు దెప్పిచ్చి అడ్డమేయించిండు. ఇగ అది ఏడికి పోవాలె? సక్కగ మీ ఇంట్లకు మలిగింది. 'సార్, గా ఇల్లు ఇంక గాలేదు గద, ముసలమ్మ వస్తది గద' అన్న. 'తర్వాత జూద్దాం' అన్నడు. తర్వాత ఏముంటది? నీళ్ళు మిగిలినయని అందరు తలకాయలు కడుక్కున్నరు."

"నువ్వేం చేశావక్కా?"

"అబద్ధమెందుకాడాలె? నా బర్రెలను కడుక్కున్న. నీళ్ళు ముంగట వారుతుంటె ఊకుంటమా?"

ఆ రోజు నాతో నిజం చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మందిరం మెట్ల పక్కకు వెళ్ళి చూశాను. బస్తాలు వరసగా, మా గేటు వైపు ఏటవాలుగా పేర్చి ఉన్నాయి. ఏడెనిమిది కుట్లు, చివర్న జోడు ముడి. మామయ్య గుమ్మం ముందు ఉండాల్సినవి.

మెట్ల మీద నిచ్చెన పట్టుకుని ఉన్నాడాయన. "మాటిచ్చారు కదా మామయ్యా" అన్నాను. ఇంకేదో పెద్ద మాట అందామనుకున్నాను గానీ నోట్లోకి అదే వచ్చింది.

"టాంకరు మళ్ళీ రాదు అల్లుడూ. నాలుగు రోజులుగా తిరుగుతున్నాను దానికోసం. పండగ దేవుడిది, రేపు పదిమంది పెద్దలొస్తున్నారు. బయటివాళ్ళ ముందు పరువు పోకూడదు. మీ ఇల్లు సోమవారం చూద్దాం. మనలో మనకేముంది?"

"ఈ బస్తాలు నేను కుట్టినవి మామయ్యా."

ఆయన వాటి వైపు చూశాడు. ఆయనలో ఎక్కడా కపటం లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. "గట్టిగా కుట్టావు అల్లుడూ" అన్నాడు మెచ్చుకోలుగా. "ఒక్కటీ విడలేదు."

పరాయివాడు మోసం చేస్తే వాడి ఇంటి పేరెత్తి తిట్టుకోవచ్చు. మనవాడు, నువ్వు మనవాడివే కదా సర్దుకుపోతావులే అని మన గుమ్మంలోకి బురద తిప్పితే, ఆ తిట్టు కూడా మన నోట్లోనే ఉండిపోతుంది. సాయంత్రం దాకా నేనూ మా ఆవిడా తట్టలతో ఎత్తి పోశాం. సందులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మామూలుగా శనివారం ఆ వేళకు అందరూ అరుగుల మీద కూర్చునేవాళ్ళు.

ఆదివారం సంగతి మా బంధువర్గంలో చాలామందికి తెలుసు. నేనే చెప్పాను, అమ్మ పోయాక, దాదాపు ముప్పై ఏళ్ళుగా. కథ ఇలా ఉంటుంది: మా ఇంటి బురద ఒక బకెట్టు నిండా నింపి, పైన బంతిపువ్వు గుచ్చి, నిండు సభలో మందిరం మధ్యగా నడిచి వెళ్ళి, గుమ్మడికాయల పక్కన పెట్టి, "ప్రభువా, ఈ యేడు నా చేను ఇదే పండింది, నా సంఘస్థులు చల్లారు" అన్నాను. బల్ల ముందు పెట్టిన కానుకను తిరిగి తీసుకెళ్ళకూడదు, వేలం వెయ్యాల్సిందే అని మా నియమం. వేలం పాట ఎప్పుడూ మామయ్యదే. ఆయన వణికే గొంతుతో "బకెట్టు బురద ఒకటోసారి" అన్నాడు, సభంతా తలలు దించుకుంది. మహా గొప్ప కథ. ఆ రోజు ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా ఇప్పుడు దాన్ని కళ్ళారా చూసినట్టు చెబుతుంటారు. ఒకాయనైతే ఆ బకెట్టును తనే పాడుకున్నానంటాడు.

బకెట్టు నింపిన మాట నిజం. బంతిపువ్వు కూడా గుచ్చాను. నాలుగో రోజు దాటి అయిదో రోజు పడిన తలతో, ఆ సంఘమంతటిలో అట్టలు కట్టిన తల నాదొక్కటే కాగా, మందిరం గుమ్మం దాకా మోసుకెళ్ళాను. లోపల సాక్ష్యాలు జరుగుతున్నాయి. అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పడం. నేను గడప మీద కాలు పెట్టేసరికి లేచి నిలబడి ఉన్నది మా అమ్మ. వద్దన్నా వినకుండా మా ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చి ముందు కూర్చుందట. ఆకుపచ్చ గుడ్డ కళ్ళ మీదికి వేలాడుతోంది. ఎవరెక్కడున్నారో తెలియక కాస్త పక్కకు, ఖాళీ గోడ వైపు తిరిగి మాట్లాడుతోంది.

"నాకు కనపడదు. కానీ నిన్న రిక్షా దిగ్గానే మా తమ్ముడి దగ్గర సబ్బు వాసన వచ్చింది. నా ఇల్లు కడిగేదాకా తల తడుపుకోం అన్నారు కదా మీరంతా. ఆ వాసన తగలగానే నాకు అర్థమైపోయింది. కళ్ళున్నవాళ్ళకు కూడా దేవుడు ఇంత బాగా చూపించడు. మీ చేతులు చల్లగా ఉండాలి" అంది.

సభంతా తలలు దించుకుంది. కథలో ఆ ఒక్క ముక్క నేను కల్పించలేదు, చోటు మార్చానంతే. మామయ్య వేలం బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, బకెట్టును చూశాడు. ఆయన మొహం తెల్లబడింది. నేను నోరు తెరిస్తే అమ్మ చెప్పిందంతా అందరి ముందూ ఆవిడ తెలివితక్కువతనం అయిపోతుంది. బకెట్టును గుమ్మం బయట, చెప్పుల మధ్య పెట్టి, లోపలికెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. వేలంలో ఒక సొరకాయ కూడా పాడాను. నాకు సొరకాయ ఇష్టం లేదు. నా పక్కనున్న ఇద్దరు కాస్త దూరం జరిగి కూర్చున్నారు, కంపుకో, సిగ్గుకో.

సోమవారం అందరూ ఆఫీసులకు వెళ్ళిపోయారు. ఎవరూ రాలేదు. నేను సెలవు పెట్టాను. బుధవారానికి నేల తేలింది. గోడలకు రెండు పూతలు సున్నం వేశాం. పాలక్క పార ఇచ్చింది, తట్ట ఇచ్చింది, మధ్యమధ్యలో మజ్జిగ ఇచ్చి, "మీ దేవుడు మస్తు ఓపికున్నోడు తమ్మీ" అని ఎకసెక్కం కూడా చేసింది. గురువారం పొద్దున ఆరు బకెట్ల నీళ్ళతో తలంటుకున్నాను. ఆ మధ్యాహ్నం అమ్మను పాలక్క అరుగు మీదినుంచి ఇంట్లోకి తీసుకొచ్చాం. ఆ తర్వాత వారానికి కట్టు విప్పారు. కన్ను దక్కింది. అమ్మ తెల్లటి గోడల్ని ఒక్కొక్కటే తిరిగి చూసి, "ఎంత శుభ్రంగా చేశార్రా వాళ్ళు! సున్నం కూడా వేశారు" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను.

నెల తర్వాత ఒక సాయంత్రం మామయ్య మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "అక్కయ్యతో చెప్పేస్తాను అల్లుడూ. ప్రతి ఆదివారం ఆవిడ నా చేతులు పట్టుకుంటుంటే నాకు అన్నం సయించడం లేదు" అన్నాడు. నేను, "వద్దు మామయ్యా, పెద్దావిడ మనసు కష్టపెట్టకండి. మీ మీద నమ్మకంతో సంతోషంగా ఉంది, ఉండనివ్వండి" అన్నాను. ఈ ముక్క కూడా నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళంతా నా క్షమాగుణాన్ని మెచ్చుకున్నారు. ఒక అయ్యగారైతే ప్రసంగంలో వాడుకున్నారు.

అది క్షమ కాదు. ఈ వయసులో ఇంకెవరికోసం దాచాలి? ఆయన చెప్పేస్తే తేలికపడిపోతాడు, అమ్మ క్షమించేస్తుంది, అక్కడితో అయిపోతుంది. అలా అవడం నాకిష్టం లేదు. చెయ్యని పనికి కృతజ్ఞతలు అందుకుంటూ ఉండనీ అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మను నేనే చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి నడిపించుకెళ్ళేవాణ్ణి. ఆయన పక్క తలుపులోంచి వెళ్ళబోతే, "అమ్మా, మామయ్య ఇటున్నాడు" అని అటు తిప్పేవాణ్ణి. అమ్మ ఆయన చేతులు పట్టుకునేది. "ఆ రోజు మా ఇల్లు..." అని మొదలుపెట్టేది. ఆయన చూపు అమ్మ భుజం మీదుగా నా మీదికి వచ్చేది. నేను వినయంగా నవ్వేవాణ్ణి. పదకొండేళ్ళు. మెల్లమెల్లగా ఆయన గొంతు తగ్గిపోయింది. వేలం పాట ఇంకొకరికి ఇచ్చేశాడు. వయసు మీదపడిందన్నారు అందరూ.

అమ్మను సమాధి చేసిన రోజు, మట్టి వేసి అందరూ వెనక్కి తిరుగుతుంటే ఆయన నా పక్కకొచ్చాడు. ఒకప్పుడు ప్లాట్‌ఫారం ఆ చివరికి వినపడిన గొంతు. "ఇప్పుడు చెప్పనా అల్లుడూ?" అన్నాడు. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"ఎవరితో చెబుతారు మామయ్యా?" అన్నాను.

చాలా గట్టిగా అన్నానని చాలాకాలం మురిసిపోయాను. అప్పుడు నాకు నలభై ఏళ్ళు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి పదకొండేళ్ళంటే ఎంతో నాకు తెలియదు. ఇప్పుడు ఆ వయసు నాది. ఆయన చేసింది ద్రోహమే. ఈ పూటకీ నేను కాదనను. కానీ ఆయన నా దగ్గర తీసుకున్నది ఒక్క శనివారం, నేను ఆయన దగ్గర తీసుకున్నది ఆయనకు మిగిలిన కాలమంతా.